దుమ్ము సంచుల మీద పసుపు దారం

నేను కుట్టిన సంచులు తగిలించడం లేదన్న సంగతి నాకు మొదట చెప్పింది ఇసుక జల్లించే అక్క. యార్డులో మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక ఆమె మా ఇంటికి మంచినీళ్లకు వచ్చేది. ఆ రోజు చెంబెత్తి తాగి, మిగిలిన నీళ్లతో కళ్లు కడుక్కుని, గడప పక్కన కూర్చుని నా కుట్టు మిషను వైపు చూసింది.

"గా ఫ్యాను కాడి సంచులు నువ్వు కుట్టినయేనా చెల్లె?"

అవునన్నాను. కాస్త గర్వంగానే అని ఉంటాను.

"గవి స్టోర్ల మూట గట్టి పడేసిన్రు. సార్లు వస్తున్రంటేనే తీసి తగిలిస్తరు. సార్లు పోంగనే మల్ల లోపల పెడ్తరు."

అంతే చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది. రెండో బెల్లు కొట్టేలోపు ఆమె జల్లెడ దగ్గర ఉండాలి.

నేను నమ్మలేదు. నమ్మకపోగా, సాయంత్రం గేటు దగ్గర అందరికీ ఇచ్చే బెల్లం ఆమెకు ఇవ్వరు కాబట్టి ఆ ఉక్రోషంతో అంటోందని అనుకున్నాను. ఆ అనుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండిపోతుంది.

ఎనభైల నాటి సంగతి ఇది. భద్రాచలం పోయే రోడ్డు మీద, పొలాలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఉండేది ఆ యార్డు. బొగ్గు గనుల వైపు నుంచి తుప్పు పట్టిన ఇనుప తొట్లు, మనిషి వంగకుండా నడిచిపోయేంత పైపులు, నీళ్ల ట్యాంకులు లారీల మీద వచ్చేవి. వాటికి కొత్త రంగు వేయాలంటే ముందు తుప్పు ఊడాలి. అందుకు గోదావరి ఇసుకను గాలి మిషను బలంతో గొట్టంలోంచి ఇనుము మీదికి కొడతారు. ఇసుక తగిలిన చోట ఇనుము కడిగిన వెండి గిన్నెలా తేలుతుంది. చుట్టూ రేకులు కట్టిన గదిలో ఆ గొట్టం పట్టుకుని నిలబడేవాడు మా ఆయన. తల మీద మందపాటి గుడ్డ టోపీ, దానికి కళ్ల దగ్గర అద్దం ముక్క, ఊపిరి కోసం సన్నని గాలి పైపు. ఇంటికి వచ్చేసరికి చెవుల వెనక, మెడ మడతల్లో, కనురెప్పల మీద బూడిద రంగు పొడి. రెండు సార్లు తలంటినా మూడో సారి నీళ్లలో కూడా అడుగున ఇసుక మిగిలేది.

ఒకసారి కొట్టిన ఇసుకను పారబోసేవాళ్లు కాదు. కింద పడ్డది ఎత్తి, జల్లించి, మళ్లీ కొట్టేవాళ్లు. ఇనుముకు తగిలి పగిలిన ఇసుక రెండోసారికి పిండి అవుతుంది. ఆ పిండి మధ్యన గొంతుక్కూర్చుని జల్లెడ ఆడించేది అక్క. టోపీ లేదు, గాలి పైపు లేదు. ముక్కుకు అడ్డంగా కొంగు. అడవి లోపలి గూడెం నుంచి నడిచి వచ్చేది. ఇంట్లో వాళ్ల భాష వేరు. మాతో మా తెలుగే మాట్లాడేది, అదీ అవసరమున్నంత వరకే.

ఇక బెల్లం సంగతి. సాయంత్రం గేటు దగ్గర హాజరు పుస్తకంలో పేరున్న ప్రతి మనిషికీ పిడికెడు బెల్లం చేతిలో పెట్టేవాళ్లు. బెల్లం తింటే గొంతులో పట్టిన దుమ్ము, గుండెల్లో పట్టిన దుమ్ము కరిగి కడుపులోకి జారిపోతుందని మా అందరి నమ్మకం. గనుల్లో పనిచేసి వచ్చిన పెద్దవాళ్లు చెప్పేవాళ్లు, మేం వినేవాళ్లం. అక్క రోజు కూలికి వచ్చే మనిషి, పుస్తకంలో లేదు, కనుక బెల్లమూ లేదు.

నేను బడికి పోలేదు. కుసుమంచి దగ్గర మా పుట్టింట్లో నాన్నే పలక ముందు పెట్టి అక్షరాలు దిద్దించాడు. అక్షరాలతో పాటు ఇంకో అలవాటు కూడా నేర్పాడు. పొద్దున దీపం పెట్టగానే, నిన్న మనకు ఎవరెవరు మేలు చేశారో ఒక్కొక్కరినీ దేవుడి ముందు తలుచుకోవాలి. పాలు పోసిన మనిషి దగ్గర నుంచి దారిలో ముల్లు తీసి పక్కన పడేసిన మనిషి దాకా. ఆ అలవాటు పెళ్లయ్యాక కూడా తప్పలేదు. యార్డు పక్కన కాపురం పెట్టాక ఆ వరసలో రోజూ యార్డు సూపర్‌వైజర్ కూడా ఉండేవాడు. బెల్లం ఇస్తున్నాడు కదా మరి.

ఒక శ్రీరామనవమికి, మా ఆయన తెచ్చిన బెల్లంలో కొంత దాచి, దానితోనే పానకం చేశాను. మిరియాలు, యాలకులు దంచి వేసి, రెండు బిందెలతో యార్డుకే తీసుకుపోయి అందరికీ పోశాను. మొదటి గ్లాసు సూపర్‌వైజర్‌కే. రాముడు మీ చేతుల మీదుగా మా ఇంటిని చల్లగా చూస్తున్నాడని చేతులు జోడించి మరీ చెప్పాను. ఆయన గోదావరి అవతలి జిల్లాల మనిషి. "ఇంకో గ్లాసు పొయ్యమ్మా, యాలకులు బాగా పడ్డాయి," అన్నాడు. పోశాను. అప్పటికే మా ఆయన గది గోడకు ఆనుకుని దగ్గుతున్నాడు. ఆ దగ్గు వింటూనే పోశాను.

అంతకు ముందు ఏడాది ఒక లారీలో పెద్ద రేకు పెట్టె, దానికి తగ్గ ఫ్యాను వచ్చాయి. రేకుల గదిలోని దుమ్మును ఫ్యాను లాగుతుందనీ, లాగిన దుమ్ము గుడ్డ సంచుల్లో చిక్కుకుంటుందనీ, సంచుల్లోంచి మంచి గాలే బయటికి పోతుందనీ మా ఆయన చెప్పాడు. వచ్చిన సంచులు దారిలో వానకు తడిసి చివికిపోయాయి. మీ ఇంట్లో మిషను ఉంది కదా అని సూపర్‌వైజర్ మందపాటి నూలు గుడ్డ తాను ఒకటి పంపాడు. నా పొడవు ఉండే సంచులు అవి. ప్రతి అంచూ రెండు వరసలు కుట్టాను, ఒకటి తెగినా ఇంకొకటి ఆపాలని. కొత్త బట్టకు మూలన పసుపు అద్దందే ఒంటి మీద వేసుకోం కదా. ఇనుప పనిలో అద్దిన పసుపు ఏం నిలుస్తుందని, దారానికే పసుపు పట్టించి ప్రతి సంచి మూతి దగ్గరా నాలుగేసి కుట్లు వేశాను. ఒక్కో సంచికి ఒక్కోసారి రామా అనుకున్నాను. మా ఆయన ఊపిరి నా చేతి కుట్టులో ఉందనుకున్నాను. ఇంత భాగ్యం ఎవరికి దొరుకుతుంది అని కూడా అనుకున్నాను.

సంచులు యార్డుకు పోయాయి. దగ్గు పోలేదు. యార్డు నుంచి ఇల్లు ఎంత దూరం, పిలిస్తే పలికేంత. ఆ దూరంలోనే మా ఆయన ఊపిరి అందక కరెంటు స్తంభం దగ్గర ఒకసారి ఆగేవాడు. తర్వాత స్తంభం దగ్గరా, చింత చెట్టు దగ్గరా రెండు సార్లు ఆగేవాడు. దవాఖానాలో ఛాతీ ఫోటో తీసి క్షయ అన్నారు, నెలల తరబడి మాత్రలు ఇచ్చారు. మాత్రలు అయిపోయాయి, దగ్గు అలాగే ఉంది. నేనేం చేశాను? సూపర్‌వైజర్ దగ్గరికి పోయి ఇంకాస్త బెల్లం అడిగాను. కాదనకుండా ఇచ్చాడు. మర్నాడు దీపం ముందు అతన్ని రెండు సార్లు తలుచుకున్నాను.

అక్క వచ్చి సంచులు తగిలించడం లేదన్న ఆ మాట చెప్పింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

నెల తిరగకముందే స్టోరు నుంచి ఒక మూట మా ఇంటికి వచ్చింది. సంచులను ఎలుకలు కొరికాయట. ఎల్లుండి ఫ్యాక్టరీలు చూసే ఆఫీసరు వస్తున్నాడు, జల్దీగా కుట్టి పంపమని కబురు. మూట విప్పి ఒక సంచిని లోపలి వైపు బయటికి తిప్పాను. తెల్లగా ఉంది. రెండు వరసల కుట్టు మధ్య గోటితో గీకాను. ఎలుక పెంటలు తప్ప ఏమీ రాలలేదు. మూతి దగ్గర పసుపు దారం నిన్న పట్టించినట్టుంది.

దండెం మీద మా ఆయన బనీను ఆరుతోంది. అప్పుడే ఉతికింది. తెచ్చి సంచి పక్కన పరిచి, దాని కుట్లను అదే గోటితో గీకాను. గోరు నిండా బూడిద రంగు పొడి వచ్చింది. దుమ్ము పట్టాల్సిన సంచి తెల్లగా ఉంది. ఆ దుమ్ము ఏ సంచిలోకి పోయిందో నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాకు కోపం తక్కువ అని మా ఇంట్లో అందరూ అనేవాళ్లు. నిజమే, అంతకు ముందు తక్కువే. ఆ పూట పొయ్యి మీద అన్నం మాడిపోయింది, నేను లేవలేదు.

ఆయన రాగానే సంచినీ బనీనునూ చూపించాను. ఆయన టోపీ గోడకు తగిలించి, ఊపిరి కుదుటపడేదాకా ఆగాడు.

"ఎరికే," అన్నాడు. "ఫ్యాను ఏస్తే గాలి మిషనుకు కరెంటు సాల్తలేదు. ఇసుక జోరుగ రాదు, పని ఎనకబడ్తది. గందుకే ఎయ్యరు."

నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు పొద్దుగాల లేస్తే ఆ సారుకే దండం పెడ్తుంటివి. నీకేం జెప్పాలె?"

ఆయన దెప్పుతూ అనలేదు. అలసిపోయి అన్నాడు. అందుకే అది ఇంకా లోతుగా దిగింది.

మర్నాడు సంచులు కుట్టకుండానే మోసుకుని యార్డుకు పోయాను. రోజూ ఫ్యాను నడుపుతానంటేనే కుడతానని సూపర్‌వైజర్‌తో చెప్పాను. అతను నవ్వాడు. నా మీద కోపం కూడా పడలేదు, అదే నాకు మరీ కష్టంగా అనిపించింది.

"చూడమ్మా, ఒక్కరోజన్నా బెల్లం ఆపానా? నువ్వడిగితే ఎక్కువ కూడా ఇచ్చాను కదా. ఫ్యాను సంగతి మేం చూసుకుంటాం, నువ్వు కుట్టు సంగతి చూసుకో."

ఒక్క సంచి చేతిలో మిగిలింది, మిగతావి అక్కడే పడేసి వచ్చాను. ఆ బెల్లం దయ కాదని అప్పటికి నా బుర్రకు ఎక్కింది. మా నోళ్లు మూయడానికి వాళ్లకు దొరికిన అతి తేలిక వస్తువు అది. దాన్ని నేను దేవుడి ముందు పెట్టాను. పానకం చేసి పంచాను.

ఆఫీసరు వచ్చిన రోజు నేనూ వెళ్లాను, సంచీ బనీనూ కొంగు కింద పెట్టుకుని. సంచుల చిల్లులు పురికొసతో బిగించి కట్టి తగిలించారు. ఫ్యాను తిరుగుతోంది. ఆ మోత నేను వినడం అదే మొదలు. రేకుల గదిలో అవతలి గోడ కనిపిస్తోంది. అన్నేళ్లుగా ఆ గోడ లోపలి నుంచి ఎలా ఉంటుందో మా ఆయనకే తెలియదు. ఇంత సులువు. ఒక మీట కిందికి లాగితే చాలు. ఆ మీట లాగనందుకు ఆయన స్తంభం దగ్గర ఆగుతున్నాడు, చెట్టు దగ్గర ఆగుతున్నాడు.

ఇది రోజూ నడుస్తుందా అని ఆఫీసరు అడిగాడు. రోజూనండి అన్నాడు సూపర్‌వైజర్. ఆఫీసరు చూపు నా మీద పడింది. ఏమ్మా, ఏమైనా చెప్పాలా అని అడిగాడు.

అదీ సమయం. టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డ మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. ఈ పని పోతే ఆ ఊపిరితో ఇంకే పని దొరుకుతుంది అన్న భయం ఇద్దరికీ ఒకటే. కృతజ్ఞత చెప్పడానికి గడగడా తిరిగిన నా నాలుక, ఆ ఒక్క మాట దగ్గర అంగిలికి అతుక్కుపోయింది. ఏం లేదన్నట్టు తల ఊపాను. అవును, ఊపాను. దాచను.

అప్పుడు జల్లెడ ఆగిన చప్పుడు వినిపించింది. అక్క మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"నడ్వది సారూ. మీరొచ్చిన్రని గియ్యాల నడుపుతున్రు."

సూపర్‌వైజర్ మళ్లీ అదే నవ్వు నవ్వి, ఆమె మా మనిషి కాదు, హాజరు పుస్తకం చూసుకోండి అన్నాడు. ఆఫీసరు ఆమె పేరు అడిగి, పుస్తకం తెప్పించి, కిందికీ పైకీ వెతికాడు. లేదు.

"పుస్తకంల నేను లేకుంటే, నా ముక్కుల దుమ్ము యాడికెల్లి వచ్చింది సారూ?" అంది అక్క. కొంగు తీసి ముక్కు తుడిచి, ఆ మడత ఆయన ముందు విప్పి చూపించింది.

పక్కన ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరు నవ్వలేదు. అప్పుడు కదిలాయి నా కాళ్లు. ఆమె ముందడుగు వేశాక కదిలాయి. సంచిని తిప్పి పట్టుకున్నాను, బనీను పక్కన పెట్టాను, పసుపు దారం చూపించాను. ఇది కుట్టి రెండేళ్లయిందని, దుమ్ములో ఉంటే పసుపు వారం ఆగదని చెప్పాను. ఆయన గోటితో ఆ దారం గీకి చూసుకుని కాగితం మీద రాశాడు. ఫ్యాను ఆపకూడదని, జల్లించే ఇసుక మీద నీళ్లు చల్లాలని రాశాడట. తర్వాత యార్డు వాళ్లతోనే కూర్చుని టీ కూడా తాగాడు. అయినా రాశాడు, ఆ మేరకు ఆయనకు నమస్కారం.

ఆ మర్నాటి నుంచి ఫ్యాను నడిచింది. వారం వారం సంచులు దులపడానికి దించినప్పుడు చూసేదాన్ని, ఒక్కో సంచి తడి బస్తాలా బరువు. పసుపు దారం మొదటి వారమే బూడిద రంగు దుమ్ములో కలిసిపోయింది. అది మాయడం చూసి అంత సంతోషపడతానని ఎన్నడూ అనుకోలేదు. మా ఆయన దగ్గు తగ్గలేదు గానీ పెరగడం నెమ్మదించింది. స్తంభం దగ్గరా, చెట్టు దగ్గరా ఆగుతూనే మరికొన్నేళ్లు నడిచాడు. సగం ఊపిరే అయినా ఆ ఏళ్లు మాకు దక్కాయి. తొంభైలు సగం దాటాక పోయాడు.

జల్లెడ మీద మాత్రం నీళ్లు చల్లలేదు. తడి ఇసుక గొట్టంలో ఇరుక్కుంటుందన్నారు. అక్కను ఆఫీసరు వచ్చిన మర్నాడు పొద్దునే గేటు దగ్గర ఆపేశారు. పనిలోంచి తీసేశారని అనడానికి కూడా లేదు, పుస్తకంలో పేరుంటే కదా తీసేయడానికి. ఆమె చోట ఇంకో ఆడమనిషి అదే జల్లెడ ముందు, అదే పొడి ఇసుకలో కూర్చుంది. దీని మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని దేవుణ్ని అడగనూ లేదు.

కొన్నాళ్లకు ఆమెను చూడటానికి గూడేనికి పోయాను. బయలుదేరేటప్పుడు చేయి అలవాటుగా బెల్లం డబ్బాలోకి పోయింది. ఉత్త చేతులతో ఎలా పోతాం అని ఒక ముద్ద మూట కట్టుకున్నాను. ఆమె పాక ముందు గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. మా ఆయన స్తంభానికి ఆనుకునే తీరులోనే. మూట విప్పి చూసి నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గొచ్చి, అది తగ్గేదాకా ఇద్దరం ఆగాం.

"పన్ల ఉన్నన్ని దినాలు ఎవ్వరియ్యలే. ఇప్పుడు దెచ్చినవా చెల్లె? ఇది తింటే దుమ్ము పోతదా?"

పోదక్కా అన్నాను.

"పోదని ఎరికైనంక దెచ్చినవ్. మంచిదే. తియ్యగుంటదని తింట."

నాకూ ఒక ముక్క విరిచి ఇచ్చింది. ఆ రోజు నేను నోరు తెరిచి చెప్పాల్సిన మాట ఒకటుంది. నా మగని ఊపిరి కోసం నేను మాట్లాడాల్సిన చోట నువ్వు మాట్లాడావు అని. బెల్లం నోట్లో ఉంది, మాట రాలేదు. ఇంకోసారి వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. మళ్లీ నవమి పానకం కలిపే నాటికి ఆమె లేదని కబురొచ్చింది. ఏం జబ్బని ఏ దవాఖానాలోనూ రాసి ఉండదు.

దీపం ముందు తలుచుకునే వరసలోంచి సూపర్‌వైజర్‌ను తీసేశాను. మేలు చేసినవాళ్లను మరవొద్దని నేర్పిన నాన్న, మేలు ఏదో పోల్చుకోవడం కూడా నేర్పి ఉంటే బాగుండేది. ఆ నేర్పు నాకు అక్క దగ్గర దొరికింది, ఆలస్యంగా. అప్పటి నుంచి ఆ వరసలో మొదట వచ్చేది ఆమే. ఆమె పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. నేనూ ఇక్కడ రాయడం లేదు, రాయనా అని అడగడానికి ఆమె లేదు కనుక.

చదివినవారిని ఒక్కటి అడుగుతున్నాను. మీ ఇంట్లోనూ పొద్దున దీపం పెట్టేటప్పుడో, మొదటి చెంబు నీళ్లు తాగేటప్పుడో ఎవరినో ఒకరిని తలుచుకుంటారు కదా. అక్కడ ఒక్క క్షణం, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇసుక జల్లించిన ఆ మనిషిని కూడా తలుచుకోండి.